బొమ్మ అక్కడ... మాట ఇక్కడ!

దుమ్ముగూడెం దాటాక, అడవి అంచున మా ఊరు. నాన్నకి చూపు మందగించింది. మనుషుల్ని గొంతు బట్టి పోలుస్తున్నాడు. "చూపు పూర్తిగా పోకముందే 'అందాల రాముడు' చూపించరా" అన్నాడు. 1973లో బాపుగారు తీశారు, గోదారి మీద భద్రాద్రి దాకా ప్రయాణం!

లాప్‌టాప్ తెర ఆయనకి ఆనదు. టీవీకి హెచ్.డి.ఎం.ఐ. తీగ గుచ్చాను. 'నో సిగ్నల్'! రిమోట్‌లో 'సోర్స్' నొక్కి, తీగ ఏ రంధ్రంలో ఉందో ఆ నంబరే ఎంచాలట. ఎంచాను. అయినా చీకటే. విండోస్ మీటా 'పి' మీటా కలిపి నొక్కి, 'డూప్లికేట్' అన్నాను. బొమ్మ పడింది! నాన్న ఈల వెయ్యడమొక్కటే తక్కువ.

తీరా చూస్తే నాగేశ్వరరావుగారు టీవీలో, ఆయన గొంతు లాప్‌టాప్‌లో... దోమపాటలా! నాన్నకి మాటే కదా ఆధారం? గంటసేపు తీగ పీకడం, పెట్టడం. (తీగ తప్పేం లేదు పాపం, బొమ్మనీ శబ్దాన్నీ అదే మోస్తుంది.) చివరికి తెర కింద మూల స్పీకరు గుర్తు నొక్కి, శబ్దం వెళ్ళాల్సిన చోటుగా టీవీ పేరు ఎంచాను. అంతే, ఇల్లు మోగింది!

నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"పాపికొండలు వచ్చేదాకా కరెంటు పోకుంటే చాల్రా!"