ఫిల్ములో కనిపించని నడుము

నడుం నొప్పితో వచ్చేవాళ్ల చేతిలో ఈ రోజుల్లో ఎమ్మారై కవరు తప్పకుండా ఉంటుంది. కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే దాన్ని బల్లమీద పెట్టి, "గుజ్జు అరిగిపోయిందంటండీ. పూసల మధ్య గ్యాపు తగ్గిందంట. నట్లూ బోల్టులూ వెయ్యాలంటున్నారు" అని నా మొహంలోకి చూస్తారు. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, ఏం చేస్తే పెరుగుతుంది అని అడిగితే "అన్నీ అందులో ఉన్నాయి కదండీ" అంటారు. నడుము కింది పూసల జతల పేర్లైన ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అనే మాటలు మా గుంటూరు ప్రాంతంలో బీపీ, షుగరు అన్నంత మామూలైపోయాయి.

నేను ఆ కవరును కాసేపు పక్కన పెడతాను. ముందు మనిషి కుర్చీలోంచి ఎలా లేస్తున్నాడో చూస్తాను. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు వేయిస్తాను. వెల్లకిలా పడుకోబెట్టి కాలు మడవకుండా పైకెత్తుతాను. కాలి బొటనవేలిని నా వేలికి ఎదురు నెట్టమంటాను. పిక్క మీద, పాదం మీద స్పర్శ చూస్తాను. నరం నిజంగా నొక్కుకుపోయి ఉంటే ఆ సంగతి చాలావరకు ఇక్కడే తెలిసిపోతుంది. కవరు విప్పేది ఆ తర్వాతే.

తెనాలి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి వాళ్ల నాన్నగారు వెంటబెట్టుకుని వచ్చారు. 34 ఏళ్లు. హైదరాబాదులో ఉద్యోగం, రాత్రి షిఫ్టులు. నడుం నొప్పి మొదలై రెండేళ్లు. ఎల్5-ఎస్1 డిస్కులో నీటిశాతం తగ్గింది, కాస్త ఉబ్బింది అని రిపోర్టులో ఉంది. అది చూసిన రోజు నుంచి అతను బండి మానేశాడు, క్రికెట్ మానేశాడు, మంచం వదిలి చాప మీద పడుకుంటున్నాడు. రెండేళ్ల కూతుర్ని ఎత్తుకోవడం లేదు. పాప చేతులు చాస్తే వాళ్లావిడ వచ్చి తీసుకెళ్తుందట. చొక్కా తీయమంటే కింద బెల్టు ఉంది, నిద్రలో కూడా విప్పడట. విప్పితే చర్మం మీద దాని అంచులు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. కింద పడిన పెన్ను తీయమన్నాను. ఊపిరి బిగబట్టి, ఒక చేత్తో బల్ల పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని తీశాడు. కాళ్లలో బలం ఉంది, స్పర్శ ఉంది, నరానికి ఏమీ కాలేదు. అయినా ఆ మనిషి సగం జీవితం ఆగిపోయి ఉంది.

అతనికి నేను మొదట చెప్పింది డిస్కు గురించే. రెండు పూసల మధ్య ఉండే డిస్కు తాటి ముంజె లాంటిది. బయట గట్టి పొరలు, లోపల నీళ్లూరే గుజ్జు. లేత ముంజెలో నీరు ఎక్కువ, ముదిరేకొద్దీ తగ్గుతుంది. డిస్కుకు నేరుగా రక్తనాళాలు లేవు, పైనా కిందా ఉన్న పూసల నుంచి ఊరి వచ్చే పోషకాలే దానికి ఆధారం. అందుకే శరీరంలో మిగతా భాగాల కంటే ముందే దానికి వయసు మీదపడుతుంది. రాత్రి పడుకున్నప్పుడు నీరు పీల్చుకుని పెరుగుతుంది, పగలు బరువు పడి తగ్గుతుంది. పొద్దున లేచేసరికి మనం సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు పైనే పొడవుంటాం. నిద్రలేచిన మొదటి గంటలో వంగడం కష్టంగా ఉండేదీ, ఆ గంట వంగే పనులు వాయిదా వేసుకోమని మేం చెప్పేదీ ఇందుకే.

ఇక ఫిల్ము సంగతి. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. వాళ్లలో 36 శాతం మందికి మాత్రమే అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నాయి. సగానికి పైగా జనానికి కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. 2015లో నొప్పి లేనివాళ్ల మీద జరిగిన ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. డిస్కు అరుగుదల 20 ఏళ్ల వాళ్లలో 37 శాతం మందికి, 30 ఏళ్లకు సగం మందికి, 50 ఏళ్లకు 80 శాతం మందికి, 80 ఏళ్లకు 96 శాతం మందికి కనిపించింది. వీళ్లంతా ఏ నొప్పీ లేకుండా తిరుగుతున్నవాళ్లు! "మీ వయసువాళ్లను దారిన పోయే పదిమందిని పిలిచి తీసినా అయిదుగురికి ఈ ఫిల్మే వస్తుంది" అన్నాను. వాళ్ల నాన్నగారు, "అయితే మావాడికి నొప్పి లేదంటారా?" అని కాస్త కోపంగానే అడిగారు.

న్యాయమైన ప్రశ్న. చాలామంది రోగులకు మా వృత్తి చేసే అన్యాయం ఇక్కడే జరుగుతుంది. ఫిల్ములో ఏదైనా కనిపిస్తే ఆపరేషన్ అంటారు, ఏమీ కనిపించకపోతే "అంతా మీ మనసులోనే ఉంది" అంటారు. నొప్పి నిజం. డిస్కు బయటి పొరల్లో నొప్పి తెలిపే నరాలు ఉన్నాయి, అక్కడ చీలిక వస్తే, వాపు రసాయనాలు చేరితే నొప్పి పుడుతుంది. కానీ నెలలు గడిచేకొద్దీ నొప్పి మొదలైన చోటు ఒకటి, దాన్ని నిలబెట్టేది మరొకటి అవుతుంది. నిద్ర చెడుతుంది. కదలని కండరాలు చిక్కిపోతాయి. కాపలా కాసే నరాలు చిన్న కదలికకే గోల పెట్టడం నేర్చుకుంటాయి. వంగితే ఏదో విరిగిపోతుందన్న భయం మనిషిని ఇంకా బిగిస్తుంది. ఇది ఏ ఫిల్ములోనూ పడదు.

విశ్రాంతి సంగతి కూడా చెప్పాలి. "నెల్రోజులు మంచం దిగొద్దు" అని ఇప్పటికీ రాసిచ్చేవాళ్లున్నారు. 1986లోనే అమెరికాలో 203 మంది మీద పరీక్షించి చూశారు. వారం పడుకోమన్నవాళ్ల కంటే రెండు రోజులే పడుకోమన్నవాళ్లు తొందరగా పనిలోకి వెళ్లారు, నొప్పి విషయంలో వాళ్లు నష్టపోయింది ఏమీ లేదు. ఇది తెలిసి దాదాపు 40 ఏళ్లు అవుతోంది.

మా ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఆ కుర్రాడి వీపు వెంట ఒక కర్ర నిలువుగా పట్టుకోమంది. తల వెనక, భుజాల మధ్య, పిరుదుల దగ్గర, మూడు చోట్లా కర్ర తగులుతూనే ఉండాలి. అలా ఉంచి తుంటి దగ్గర మడిచి ముందుకు వంగమంది. మొదటి రోజు జానెడు కూడా వంగలేదు, నుదుట చెమట పట్టింది. "నొప్పి వచ్చిందా?" అంటే కాసేపు ఆలోచించి, "లేదు, వస్తుందేమో అనిపించింది" అన్నాడు. వైద్యం అక్కణ్నుంచి మొదలైంది. బెల్టు రోజుకు కొంతసేపు విప్పడం, నడక, స్టూలు మీద నుంచి అయిదు కిలోల బియ్యం సంచి ఎత్తడం, తర్వాత పీట మీద నుంచి, తర్వాత నేల మీద నుంచి. మధ్యలో ఒకసారి నొప్పి తిరగబెట్టి అందరం కంగారుపడ్డాం, నాలుగు రోజులు తగ్గించి మళ్లీ ఎక్కించాం. నొప్పి సున్నా కాలేదు. ఇప్పటికీ షిఫ్టు ఎక్కువైతే వస్తుందట. కానీ పాపను ఎత్తుకుంటున్నాడు, బండి మీదే ఆఫీసుకు వెళ్తున్నాడు.

ఇంతకంటే చాలా అరిగిన నడుములు మా మిర్చి యార్డులో రోజూ పనిచేస్తున్నాయి. ఒక్కో టిక్కీ, అంటే మిర్చి బస్తా, 40 కిలోల పైమాటే, సీజనులో హమాలీలు పొద్దుట్నుంచి అవే మోస్తారు. డిస్కులు అరిగేది బరువుల వల్లేనని నేనూ చదువుకునే రోజుల్లో విన్నాను. కవలల మీద జరిగిన పరిశోధనల్లో పుట్టుకతో వచ్చే లక్షణాల వాటాయే పెద్దదని తేలింది. ఫిన్లాండులో 45 జతల ఒకే పోలిక కవల అన్నదమ్ములను తీసుకున్నారు. ఒకరు జీవితంలో డ్రైవింగు చాలా ఎక్కువగా చేసినవాళ్లు, రెండోవాళ్లు చాలా తక్కువగా చేసినవాళ్లు. వాళ్ల డిస్కుల అరుగుదలలో తేడా కనిపించలేదు. ఇది చదివాక మా ఆటో డ్రైవర్లకు నేను చెప్పే మాటలు మారాయి. అయితే బరువు మోస్తే నొప్పి పెరగదని దీని అర్థం కాదు.

ఒక 52 ఏళ్ల హమాలీ కుడికాలు ఈడుస్తూ వచ్చాడు. నడుం నుంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టు నొప్పి. కాలు కాస్త ఎత్తితేనే కేక పెట్టాడు. డిస్కు ముక్క బయటికి వచ్చి నరాన్ని తాకుతోంది. బొటనవేలిలో బలం మాత్రం తగ్గలేదు. "పడుకుంటే ఇంట్లో పొయ్యి వెలగదు డాక్టరుగారూ, కోసేయండి" అన్నాడు. బయటికి జారిన ముక్కను శరీరం తనంతట తనే కరిగించుకోవడం చాలా మందిలో జరుగుతుందనీ, పెద్దగా జారిన ముక్కలే ఎక్కువగా కరుగుతాయనీ అతనికి వివరించాను. ఇలాంటి కాలు నొప్పికి వెంటనే ఆపరేషన్ చేస్తే ఉపశమనం తొందరగా వస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆగి చూసినవాళ్లూ, చేయించుకున్నవాళ్లూ దాదాపు ఒకే చోట ఉంటారని 2007లో నెదర్లాండ్స్ పరిశోధన తేల్చింది. ఆగినవాళ్లలో కొందరికి చివరికి కత్తి తప్పలేదు కూడా. ఇవన్నీ చెప్పి, నిర్ణయం అతనికే వదిలాను. "ఆగితే తిండెట్లా?" అన్నాడు.

అతని ముఠా మేస్త్రీని పిలిపించమన్నాను. మేస్త్రీ వచ్చి, అంతా విని, "సీజను అయ్యేదాకా కాటా దగ్గర నిలబెడతాను, గోతాలు కుట్టేదానికి కూర్చోబెట్టను" అన్నాడు. కూర్చుంటే అతనికి నొప్పి ఎక్కువవుతుందని నేను చెప్పకముందే ఆయనకు తెలుసు. నేను రాసిన మాత్రల కంటే ఆ మాటే ఎక్కువ మేలు చేసింది. మూడో నెల వచ్చేసరికి కాలు నొప్పి తగ్గింది.

అన్ని నడుం నొప్పులూ ఇలా ఆగి చూసేవి కావు. రేపల్లె వైపు నుంచి వరి నాట్లకు వెళ్లే ఒకామె వచ్చింది. ఆర్‌ఎంపీ దగ్గర నెలల తరబడి ఇంజెక్షన్లు చేయించుకుంది. నడుం ఎమ్మారైలో ఎల్4-ఎల్5 అరిగిందని రాశారు, అందరూ ఆ డిస్కునే పట్టుకున్నారు. "రాత్రిళ్లు ఎక్కువా, పగలు ఎక్కువా?" అని అడిగితే రాత్రి అంది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందట, జాకెట్లు వదులయ్యాయట. వీపు వెంట పై నుంచి కిందికి పూస పూసకూ వేలి కణుపుతో తట్టుకుంటూ వచ్చాను. వీపు మధ్యలో ఒకచోట ఒక్కసారిగా ముడుచుకుపోయింది. అది తీసిన ఫిల్ముకు పైన ఉన్న చోటు. మళ్లీ అక్కడ తీస్తే రెండు పూసలూ, వాటి మధ్య డిస్కూ తినేసి ఉన్నాయి. వెన్ను క్షయ. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, ఏడాది పైన వాడింది, కాళ్లు పడిపోకుండా బయటపడింది.

జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి, గతంలో క్యాన్సరు ఉంటే ఆలస్యం చేయకూడదు. కూర్చున్నప్పుడు జీనులా తగిలే చోట తిమ్మిరి, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, పాదం పైకి లేవకుండా వాలిపోవడం కనిపిస్తే ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఆపరేషన్ గంటల లెక్కలో జరగాలి. కనిగిరి, దర్శి వైపు నుంచి, నల్లగొండ నుంచి వచ్చే వృద్ధుల్లో నడుం కొయ్యలా బిగిసిపోతే నీళ్లలో ఫ్లోరైడు గుర్తుకు రావాలి. ఆనాటి నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరైడు జబ్బును 1937లోనే వైద్యులు నమోదు చేశారు.

మరి అరిగిన డిస్కుకు స్క్రూలు వేసి పూసలు అతికించే ఆపరేషన్? పూస జారినా, నరం నొక్కుకుని కాలు బలహీనమైనా దానికి చోటుంది. నరం బాధ లేకుండా నడుం నొప్పి ఒక్కటే ఉన్నప్పుడు నేను తొందరపడనివ్వను. 2001లో స్వీడన్ పరిశోధనలో మామూలు ఫిజియోథెరపీ కంటే ఆపరేషనే మెరుగనిపించింది. 2003లో నార్వేలో ఆపరేషనుకు పోటీగా పద్ధతిగా వ్యాయామం, భయం పోగొట్టే బోధన ఇచ్చి చూస్తే, ఏడాదికి రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, మనం చాలామందికి ఆ వ్యాయామ వైద్యాన్ని సరిగ్గా ఇవ్వకుండానే "ఫిజియోథెరపీ పనిచేయలేదు" అని రాసేస్తున్నామని నాకు అర్థమైంది. పది నిమిషాల కరెంటు, పది నిమిషాల కాపడం వ్యాయామం కాదు. దీర్ఘకాల నడుం నొప్పికి బెల్టులూ, ట్రాక్షనూ మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. డిస్కులో మూలకణాల ఇంజెక్షన్లు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి, వాటికోసం పొలం తాకట్టు పెట్టవద్దు.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. ప్రభుత్వ పథకాలైనా, ప్రైవేటు బీమా అయినా ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్లకే ఖర్చు భరిస్తాయి. కర్ర పట్టించి వంగడం నేర్పే ఆ అరగంటకు, మేస్త్రీతో మాట్లాడే ఆ పావుగంటకు ఎవరూ డబ్బివ్వరు. హమాలీ ఫిజియోథెరపీకి వస్తే ఫీజు తన జేబులోంచి కట్టాలి, ఆ పూట కూలి పోగొట్టుకోవాలి. నెలకు పది సిట్టింగులంటే అతను మూడోసారికే మానేస్తాడు, మానేసినవాణ్ణి మనం శ్రద్ధ లేదని తిడతాం. ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఒక ఫిజియోథెరపిస్టును పెట్టి, యార్డు పని దిగాక సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కూర్చోబెట్టాలి. పూసలు అతికించే ఆపరేషన్‌కు పథకం కింద అనుమతి అడిగే ప్రతి డాక్టరూ, నరం బాధ లేని కేసుల్లో అంతకుముందు రోగికి ఏ వ్యాయామం, ఎన్ని నెలలు, ఎవరు చేయించారో రాసి జతచేయాలి. ఈ మాట నేను జిల్లా సమావేశాల్లో అడుగుతూనే ఉన్నాను, వచ్చే సమావేశంలో కూడా అడుగుతాను.