స్టార్టర్ డబ్బాలో ఒక చిన్న భాష

మా నిజామాబాద్ జిల్లాలో ఆటో స్టార్టర్ తెలియని రైతు ఉండడు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని కాలంలో దాన్ని మించిన ఆసరా లేదు. అర్ధరాత్రి త్రీఫేజ్ వచ్చినా మోటర్ దానంతటదే లేచేది. చీకట్లో పాములకు భయపడుతూ బోరు దాకా నడిచే బాధ తప్పేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. దాంతో అదే డబ్బా ఇబ్బంది అయి కూర్చుంది. కరెంటు పోదు కాబట్టి మోటర్ ఆగదు, మడి నిండి ఒడ్డు మీంచి పొర్లినా బోరు పోస్తూనే ఉంటుంది. భూగర్భజలం అడుగంటుతుందని, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పాల్సి వచ్చింది.

ఆ డబ్బా చెడిపోలేదు. దానికి తెలిసింది ఒక్కటే నియమం: కరెంటు రాగానే మోటర్ వెయ్యి. ఆ నియమం తీగల్లోనూ రిలేలోనూ కలిసిపోయి ఉంది. కాలం మారితే నియమాన్ని మార్చుకునే దారి లేదు, డబ్బానే పీకెయ్యాలి. చిన్న చిన్న యంత్రాల్లో నడిచే ప్రోగ్రాములు రాయడం నా బతుకుదెరువు. అయినా ఈ సంగతి రుద్రూర్‌లో మా చిన్నాయన పొలం గట్టు మీద తెలిసొచ్చినంతగా ఏ ఆఫీసులోనూ తెలిసిరాలేదు.

రుద్రూర్ నిజాంసాగర్ ఆయకట్టు ఊరు. నల్లరేగడి నేల. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల చెరకు జోరుగా పండేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డది, చెరకు వెనకబడ్డది, ఇప్పుడు రెండు కార్లూ వరే. చెరకు, వరి పరిశోధనా స్థానం ఊళ్ళోనే ఉంది. వరికి ఎప్పుడూ నీళ్లు నిలబెట్టాల్సిన పని లేదని, తడీ ఆరుడూ మార్చి మార్చి పెట్టొచ్చని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ చాలా ఏళ్లుగా చెబుతోంది. దానికి కావలసింది చిల్లులు పెట్టిన గొట్టం ముక్క. దాన్ని మడిలో పాతితే లోపలి నీటిమట్టం కంటికి కనపడుతుంది. మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగాక మళ్లీ 5 సెంటీమీటర్లు నిలిచేలా తడి పెట్టాలి. పూతకు వారం ముందు, వారం తర్వాత మాత్రం నీళ్లు నిలవాలి.

చిన్నాయన మడిలో అలాంటి పీవీసీ గొట్టం దిగేసి, మూతకు మట్టం కొలిచే సెన్సర్ బిగించాను. మోటర్ షెడ్డులో స్టార్టర్ పక్కన చిన్న డబ్బా. అందులో ఈఎస్‌పీ 8266 చిప్ ఉన్న బోర్డు, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నది. మార్చుకోవడానికి కొన్ని అంకెలు ఇచ్చాను: ఎంత దిగితే వెయ్యాలి, ఎంత నిండితే ఆపాలి, ఎప్పుడు ముట్టుకోవద్దు. సరిపోతుందనే ఎవరైనా అనుకుంటారు.

పొలం పని అంకెలతో సాగదు, "అయితే"లతో సాగుతుంది. కాలువ నీళ్లు వదిలితే బోరు వెయ్యొద్దు. యూరియా చల్లితే రెండు రోజులు నీళ్లు కదపొద్దు. మొగులు పట్టి ఉంటే తెల్లారేదాకా చూడాలె. పొట్ట దశకు వచ్చినంక పాత లెక్కలన్నీ బంద్. ఇవేవీ పరిశోధకుల పుస్తకంతో కొట్లాడే మాటలు కావు, ఆ పుస్తకం ఈ మడిలోకి దిగినప్పుడు పుట్టే మాటలు. ప్రతి "అయితే"కూ నేను ప్రోగ్రాము మార్చి, కంప్యూటర్‌లో మళ్లీ తయారు చేసి, బోర్డులోకి ఎక్కించాలి. ఓ రోజు చిన్నాయన గొట్టం మూత తీసి, వేప పుల్లతో మట్టం చూస్తూ, తలెత్తకుండానే అన్నాడు: "నాకు తెల్సింది డబ్బకు నేనే చెప్పుకోవాలె గని, ప్రతిసారి నిన్ను పట్నంకెల్లి పిలిపియ్యాల్నా?"

1990ల మొదట్లో బ్రెజిల్‌లో పెట్రోబ్రాస్ చమురు కంపెనీ ఇంజనీర్లు అడిగింది కూడా ఇదే. రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలోని టెక్‌గ్రాఫ్ బృందం వాళ్లకు డెల్, సోల్ అని రెండు చిన్న వర్ణన భాషలు చేసిచ్చింది. ఒకటి డేటా నింపే ఫారాలకు, రెండోది భూమి పొరల నివేదికలకు. వాడేవాళ్లు ప్రోగ్రామర్లు కారు. అయినా వాడేకొద్దీ షరతులు కావాలన్నారు, ఒకే పని మళ్లీ మళ్లీ చేసే వీలు కావాలన్నారు. రొబెర్తో యెరుసలిమ్స్కీ, లూయిజ్ హెన్రిక్ డి ఫిగెయిరెదో, వాల్డెమార్ సెలిస్ కూర్చుని ఆలోచించి 1993లో ఆ రెండింటి బదులు ఒకే అసలైన భాష కట్టారు. అదే లువా. పెద్ద ప్రోగ్రాము సీ భాషలో ఉంటుంది. లువా దాని కడుపులో ఒదిగి, మారే సంగతులను మాత్రం చూసుకుంటుంది. నేడు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలోనూ, రెడిస్ డేటాబేస్‌లోనూ అది చేసే పని అదే.

అలా ఒదగాలంటే చిన్నదిగా ఉండాలి, చిన్నదిగా ఉండాలంటే చాలా వదులుకోవాలి. నాకు ఈ భాష మీద గౌరవం పెరిగింది అక్కడే. లువాలో వస్తువులను దాచుకోవడానికి పట్టిక ఒక్కటే ఉంది. జాబితా కావాలన్నా, నిఘంటువు కావాలన్నా, మాడ్యూల్ కావాలన్నా దానితోనే. అక్షరాల్లో వెతకడానికి మిగతా భాషల్లో ఉండే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు పూర్తిగా పెట్టాలంటే 4,000 వరుసలకు పైగా సీ కోడ్ పడుతుంది, అది లువా ప్రామాణిక లైబ్రరీలన్నీ కలిపినదాంట్లో సగానికి పైనే. అందుకని వాళ్లు 600 వరుసల లోపు ఇమిడే సాదా పద్ధతి పెట్టి ఊరుకున్నారు. ఊరుకోవడం ఎంత కష్టమో ప్రోగ్రాములు రాసేవాళ్లకు తెలుసు. ఇదే తోవలో వచ్చిన మైక్రోపైథాన్ కూడా 256 కిలోబైట్ల కోడ్ జాగాలో, 16 కిలోబైట్ల మెమరీలో నడిచేలా కట్టినది.

నా బోర్డు మీద నోడ్‌ఎంసీయూ అనే లువా రూపం ఎక్కించాను. ప్రోగ్రాముకు మిగిలే మెమరీ సుమారు 40 కిలోబైట్లు. దశాంశాలు లేని, పూర్ణాంకాల రూపం ఎంచుకుంటే ఇంకాస్త మిగులుతుంది. మడిలో నీళ్లకు సెంటీమీటర్లు చాలు, దశాంశాలతో ఏం పని? నియమాలన్నీ చిప్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఫోన్‌ను డబ్బా వైఫైకి కలిపి, ఆ ఫైలు తెరిచి, వరుస మార్చి, దాచితే అయిపోయింది. చిన్నాయన చెబుతాడు, మా తమ్ముడు కొడతాడు. నియమాలు ఎక్కడో సర్వర్‌లో ఉంటే మేలని నా తోటివాళ్లు కొందరంటారు. వాన పడ్డప్పుడు మా పొలంలో సిగ్నల్ ఉండదు, వాన పడ్డప్పుడే కదా మోటర్ ఆగాల్సింది.

అయితే అన్నీ వాళ్ల చేతికి ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. ఆ ఫైలుకు అందేవి మట్టం ఎంతో చెప్పేది, త్రీఫేజ్ ఉందో లేదో చెప్పేది, మోటర్ వెయ్యమని, ఆపమని అడిగేవి. అంతే. ఒక ఫేజ్ పోతే మోటర్ ఆపేది ప్రివెంటర్, బరువు ఎక్కువైతే ఆపేది ఓవర్‌లోడ్ రిలే. ఆ రెండూ స్టార్టర్‌లోనే ఉన్నాయి, లువా ఏమన్నా వినవు. మోటర్ కాలితే వైండింగ్ షాపు దగ్గర పడిగాపులు పడాల్సింది రైతు. ఫైల్లో అక్షరం తప్పు పడితే ఆ వరుస దగ్గర ఆగి, ఎర్ర లైటు వెలుగుతుంది, మోటర్ చేతి బటన్ మీదికి మారుతుంది. ప్రోగ్రాము ఆగకుండా ఒకేచోట చుట్టూ తిరిగితే వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ చిప్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. ఇంత హద్దు గట్టిగా ఉంది కాబట్టే లోపల చిన్నాయన ఇష్టానికి వదిలిపెట్టగలిగాను.

ఇప్పుడు ఆ ఫైల్లో నేను రాసినవాటి కంటే వాళ్లు రాసినవే ఎక్కువ. 15 సెంటీమీటర్ల అంకె 10 అయింది. రేగడి అంత ఆరితే నెర్రెలు వాస్తయి, పెట్టిన తడి నెర్రెల్లోకే పోతదని చిన్నాయన వాదన. ఆయన నేల ఆయనకు తెలుసు, నేను కాదనలేదు. పక్క ఊరి బావమరిదికి అదే ఫైలు ఇస్తే, ఆయనది ఎర్ర చెల్క, కాలువ లేదు. కాలువ వరుసలు కొట్టేసి తన లెక్క తను రాసుకున్నాడు.

ఈ యాసంగికి ఇంకో మాట అడుగుతున్నారు. రెండు బోర్లు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నాయి, రెండూ ఒక్కసారే లేస్తే ఫ్యూజు పోతోంది. ఒక డబ్బా ఇంకో డబ్బాను "నువ్వు నడుస్తున్నవా?" అని అడిగే వీలు కావాలట. దానికి సీ భాషలో కొత్త ఫంక్షన్ ఒకటి రాస్తున్నాను. ఎవరి మోటర్ ముందు, ఎవరిది తర్వాత అనేది నన్ను అడగలేదు. అది వాళ్లు ఒడ్డు మీద కూర్చుని తేల్చుకుని, ఫైల్లో రాసుకుంటారు.