మూడుసార్లు నయం చేస్తేనే తాయెత్తు!

వందమంది పోతే అందులో 99 మంది దిష్టి తగిలే పోయారట, కాలం తీరి పోయినవాడు ఒక్కడేనట! శ్మశానానికి వెళ్లొచ్చి ఈ లెక్క తేల్చినవాడు ఏ భూతవైద్యుడో కాదు. మూడో శతాబ్దంలో బాబిలోనియా యూదులకు ధర్మశాస్త్రం నేర్పిన మహాపండితుడు రవ్. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్ముద్‌లో ఉందీ మాట. ఒక్కడే దేవుడు, విగ్రహాలు కూడదు అనే మతంలో దిష్టికి ఇంత పెద్దపీటా!

దిష్టికి భయపడుతూ ఊళ్లో అడుగుపెట్టేవాడు కుడి బొటనవేలిని ఎడమ పిడికిట్లో, ఎడమదాన్ని కుడి పిడికిట్లో దాచుకుని, నేను యోసేపు సంతతివాణ్ణి అనుకోవాలట. నీళ్ల చాటున తిరిగే చేపలకు తగలనట్టే బైబిల్లోని యోసేపు వంశానికీ దిష్టి తగలదట. యూదుల తాయెత్తుల మీద చేప బొమ్మలు ఎందుకుంటాయో ఇప్పుడర్థమైంది! యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్‌లో వాళ్ల పవిత్ర గ్రంథం తోరా పఠనానికి అన్నదమ్ములను వెంటవెంటనే పిలవరు. ఒకే ఇంటిమీద నలుగురి కళ్లూ పడతాయని.

ఇంకా వినండి. జెరూసలేంలోని కెతెఫ్ హిన్నోమ్ సమాధుల్లో 1979లో గాబ్రియేల్ బర్కాయ్ తవ్వకాల్లో రెండు చిన్న వెండి రేకు చుట్టలు బయటపడ్డాయి. విప్పి చూస్తే బైబిల్లోని పూజారుల ఆశీర్వచనం. వయసు దాదాపు 2600 ఏళ్లు. అంటే, బైబిల్ మాటలతో ఇప్పటిదాకా దొరికిన అతి పాత రాతలు ఉన్నది గ్రంథాల్లో కాదు, తాయెత్తుల్లో!

నన్ను పూర్తిగా పడగొట్టింది మాత్రం తాల్ముద్ తాయెత్తుకు పెట్టిన పరీక్ష. యూదుల విశ్రాంతి దినం శబ్బాతు రోజు ఏదీ మోసుకుంటూ వీధిలోకి పోకూడదు. మరి ఒంటిమీది తాయెత్తో? రుజువైనదైతే పోవచ్చు. రుజువంటే మూడుసార్లు నయం చేయాలి! ఒకే తాయెత్తు ముగ్గురికి పనిచేస్తే తాయెత్తు గట్టిది. ఒకాయన రాసిన మూడు వేరువేరు తాయెత్తులు ముగ్గురికి ఒక్కోసారి పనిచేస్తే రాసినవాడు గట్టివాడు. అప్పుడు రవ్ పాపా అనే మరో పండితుడు లేచి మెలిక పెట్టాడు: ఆ మూడూ ఒకే రోగికి పనిచేస్తేనో? అది రాసినవాడి గొప్పా, ఏ రాతైనా ఇట్టే పట్టే ఆ రోగి అదృష్టమా? మందుల కంపెనీల వాళ్లు తలలు పట్టుకునే ప్రశ్న ఇది, అడిగింది నాలుగో శతాబ్దంలో!

తేలలేదని రాసేసి పండితులు తర్వాతి విషయానికి వెళ్లిపోయారు. నేనింకా ఆ పేజీ దాటలేదు!