తోక ఉన్న మాటలు

ఈ సంచిక పని భుజాన వేసుకున్న తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. "సార్, పాసౌట్ అయిన బ్యాచ్‌ల నుంచి గూడ వ్యాసాలు గావాలె" అని పట్టుబట్టాడు. ఏం రాయాలో చెప్పలేదు గాని, ఆ ఒక్క మాటలోనే నాకు విషయం దొరికింది. మన దగ్గర పాసౌట్ కావడమంటే పట్టా పుచ్చుకుని గేటు దాటడం. ఇంగ్లండులో సైనిక శిక్షణ ముగించినవాళ్ళ విషయంలో ఆ అర్థం ఉంది గాని, మామూలు మాటల్లో దానికి స్పృహ తప్పి పడిపోవడమని అర్థం. ఆఖరు సంవత్సరం ఫలితాలు వచ్చిన రోజున మా బ్యాచ్‌లో కొందరికి రెండర్థాలూ సరిపోయాయి. అది వేరే కథ.

ఒక మామూలు క్రియ, దాని వెనక అప్, ఆఫ్, అవుట్, ఇన్ లాంటి చిన్న తోక. రెండూ కలిస్తే మూడో అర్థం. ఫ్రేజల్ వెర్బ్ అంటే ఇంతే. గివ్ అంటే ఇవ్వడం, గివ్ అప్ అంటే వదులుకోవడం. పుట్ అంటే పెట్టడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం, పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. పరాయివాళ్ళను ఇంగ్లిషులో బాగా ఇబ్బంది పెట్టేవి ఇవేనని శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువుకు రాసిన ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. అంతటివాడు ఒప్పుకున్నాక మనకు సిగ్గెందుకు? ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు మాత్రం చాలా తర్వాత, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. జబ్బు పాతది, పేరు కొత్తది.

ఇక్కడ ఎమ్మే అయ్యాక ఇంగ్లిషు చెప్పే పనిలో మొదట గద్వాల, తర్వాత వనపర్తి, ఇప్పుడు నాగర్‌కర్నూల్ చేరాను. 2016 అక్టోబరు దాకా ఒక్క మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఊళ్ళివి. ఇప్పుడు మూడూ జిల్లా కేంద్రాలు. నాకు తగిలిన పిల్లలు మాత్రం మూడు చోట్లా ఒక్క తీరువాళ్ళే. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంగ్లిషు. చేతిలో ఒక గైడు, అందులో యాభయ్యో అరవయ్యో ఫ్రేజల్ వెర్బులు, ఎదురుగా అర్థాలు. బట్టీ పట్టడం, రాయడం, మరిచిపోవడం.

గద్వాలలో ఒకరోజు లుక్ ఆఫ్టర్ అంటే ఏమిటని అడిగితే "తర్వాత చూసుడు సార్" అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. లుక్ అంటే చూడు, ఆఫ్టర్ అంటే తర్వాత. వాడి కూడిక సరిగానే ఉంది. ఆ క్లాసులో మగ్గమున్న ఇంటి నుంచి వచ్చే అమ్మాయి ఉండేది. గద్వాల చీర ఎట్లా నేస్తారమ్మా అని అడిగాను. "నడుమంత నూలు సార్. అంచు, కొంగు పట్టు. విడిగ కుట్టరు, నేసేటప్పుడే కలుపుతరు" అంది. కలిశాక దాన్ని నూలు చీర అనలేం, పట్టు చీర అనలేం, గద్వాల చీర అనాల్సిందే. లుక్ ఆఫ్టర్ కూడా అట్లాంటిదే, చూడడమూ కాదు, తర్వాతా కాదు, బాగోగులు చూసుకోవడం అన్నాను. నవ్వినవాళ్ళు రాసుకున్నారు.

వనపర్తిలో మాత్రం ఇది నవ్వులాట కాలేదు. సంస్థానం నాటి రాజభవనం పాలిటెక్నిక్‌గా మారిన ఊరది. డిప్లమా పిల్లలకు కొదవ లేదు. మా వీధి అబ్బాయి ఒకడు డిప్లమా చేసి, హైదరాబాదులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్ళాడు. అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాడట. చివర్లో వాళ్ళు "వి విల్ గెట్ బ్యాక్ టు యు" అన్నారు. గెట్ అంటే తీసుకోవడం, బ్యాక్ అంటే మళ్ళీ. మళ్ళీ పిలిచి తీసుకుంటామన్నారని ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. ఆమె ముంబయిలో మట్టిపనికి పోయిన భర్తకు ఫోన్ చేసి చెప్పింది. ఊళ్ళోనే మోటార్లు బాగుచేసే దుకాణాయన నెల జీతానికి రమ్మంటే అబ్బాయి వద్దన్నాడు. నెలన్నర తర్వాత నా దగ్గరికొచ్చి, "సారూ, గెట్ బ్యాక్ అన్నరు, మరి ఎప్పుడు పిలుస్తరు?" అని అడిగాడు.

ఏం చెప్పను? "ఏ సంగతీ కబురు చేస్తామన్నారు, అంతే నాయనా. తీసుకుంటామనలేదు" అన్నాను. కాసేపు నేల చూపులు చూశాడు. "గంతేనా? మన 'చూద్దాం లే' అసుంటిదా సారూ?" అన్నాడు. సరిగ్గా అదే. పెళ్ళిచూపులయ్యాక అవతలివాళ్ళు "ఇంటికి పోయి కబురు జేస్తం" అంటే దాని అర్థమేమిటో పాలమూరులో చిన్న పిల్లకాయక్కూడా తెలుసు. అతనికి తెలివి లేక కాదు; ఆ కబురూ ఈ కబురూ ఒకటేనని చెప్పిన బడి లేదు. దుకాణంలో అప్పటికే వేరే కుర్రాణ్ణి పెట్టుకున్నారు. ఆ ఎండాకాలం అతను తండ్రి దగ్గరికే వెళ్ళాడు.

మనం నేర్పేది దఫ్తరు ఇంగ్లిషు. పోస్ట్‌పోన్, టాలరేట్, ఇన్వెస్టిగేట్, ఎక్స్‌టింగ్విష్. ఇవన్నీ లాటిను పుట్టుక మాటలు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టుకూ కొలువుకూ ఫ్రెంచి, చదువుకూ చర్చికీ లాటిను నడిచాయి. పొయ్యి దగ్గరా పొలం గట్టునా ఇంగ్లిషు మిగిలింది. పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, లుక్ ఇన్‌టు, పుట్ అవుట్ ఆ గట్టు మీది మాటలు. మనకిది వింత కాదు. నిరీక్షించడం పుస్తకంలో, ఎదురుచూడడం ఇంట్లో. గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారికం కోసం అంత పోరాడాక, ఇంగ్లిషు దగ్గరికొచ్చేసరికి మనం మళ్ళీ గ్రాంథికం పట్టుకుని కూచున్నాం. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు, ఫోన్లో మాట్లాడేవాళ్ళు మాత్రం గట్టు మీది ఇంగ్లిషే మాట్లాడతారు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లిషు మీడియం పెట్టారు గనక ఇకమీదట ఇవి డిగ్రీ పిల్లల తిప్పలే కావు.

తమాషా ఏమిటంటే, బడి మొహం చూడనివాళ్ళు ఈ మాటల్ని ఎప్పుడో లొంగదీసుకున్నారు. మా పెదనాన్నకు సంతకం చెయ్యడం తప్ప చదువు లేదు. "మోటరు ఆన్ జెయ్, ఆఫ్ జెయ్" అంటాడు. స్విచ్ ఆన్, స్విచ్ ఆఫ్‌లలోని అసలు క్రియను ఇంగ్లిషువాడికే వదిలేసి, తోకను మాత్రం పట్టుకొచ్చి మన 'చెయ్'కు కట్టాడు. బస్సు బ్రేక్‌డౌన్ అయింది, ఆస్పత్రిలో చెకప్ చేశారు, జీపాయన పికప్ చేసుకున్నాడు. వీటికి వంక పెట్టే పండితుణ్ణి నేనింకా చూడలేదు. చదువుకున్నవాళ్ళం మనం 'కోప్ విత్' అంటే చాలనిచోట 'కోప్ అప్ విత్' అని లేని తోక తగిలించడం కన్నా ఇదే నయం.

నాగర్‌కర్నూల్ వచ్చాక ఒకరోజు "గైడు పక్కన పెట్టండి" అన్నాను. అన్నాక తట్టింది, పక్కన పెట్టడమంటే మాత్రం ఏమిటి? ఇదీ ఆ జాతిదే గదా! ఇట్లాంటివి మీ ఇండ్లలో ఏమేం అంటారో చెప్పమన్నాను. ఇక గంట కొట్టేదాకా ఆగలేదు. పైకొచ్చిండు, అంటే మెట్లెక్కి కాదు, బతుకులో. బయటపడ్డడు, అప్పుల్లోంచి. లోపలేసిండ్రు, పోలీసులు. నాలుగు రాళ్ళు వెనకేసిండు. కొడుకును వెనకేసుకొచ్చింది. అదే వెనక, అదే వెయ్యడం. ఒకచోట డబ్బు దాచడం, ఇంకోచోట తప్పు చేసినవాడి తరఫున మాట్లాడడం. సేవ్ అప్, స్టాండ్ అప్ ఫర్ అని నేను పక్కన రాసుకుంటూ పోయాను. ఎదురుతిరిగిండు, మీదపడ్డరు, వెంటపడ్డడు. "ఈట్ అప్ అంటే తినేసుడు గద సార్. మన 'ఏసుడే' వాళ్ళ అప్. ఇగ మిగల్లేదని జెప్తది" అంది ముందు బెంచీ అమ్మాయి. నా ఎమ్మే పుస్తకాల్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

తేడాలు లేకపోలేదు. పై, బయట, వెనక అనే మన ముక్కలు క్రియకు ముందొస్తాయి, వాళ్ళవి వెనకొస్తాయి. పైగా పుట్ ఇట్ ఆఫ్ అని మధ్యలో ఒక ఇట్‌ను దూర్చాలి. లుక్ ఆఫ్టర్ ఇట్ దగ్గర మాత్రం దూర్చకూడదు. కొన్ని తోకలు కదులుతాయి, కొన్ని కదలవు. ఇది వినీ వినీ చెవికి పట్టాల్సిందే, మన సూత్రాలతో తెగేది కాదు.

గంట కొట్టబోతుండగా వెనక బెంచీ అబ్బాయి లేచాడు. "కొడుకు చేతికందొచ్చిండు అంటరు గద సార్, దానికేమొస్తది?" గ్రో అప్ అన్నాను. "పెరుగుడు వేరు సార్" అన్నాడు. నిజమే, పెరిగినవాళ్ళంతా చేతికందరు. సెటిల్ డౌన్ అన్నాను. అదీ కుదరలేదు. అది కొడుకు వైపు నుంచి చెప్పే మాట, ఇది తల్లి వైపు నుంచి చెప్పేది. బోర్డు మీద తెలుగు ముక్క రాసి, పక్కన ఖాళీ వదిలాను. అప్పటి నుంచి ఆ ఖాళీ అట్లాగే ఉంది. ఇది చదివే ఇంగ్లిషు శాఖ గురువులకు గాని, పాసౌట్ అయి దేశాలు పట్టిన మిత్రులకు గాని ఏదైనా తడితే ఒక ముక్క రాసి పంపండి. వాడు ఇప్పటికీ అడుగుతున్నాడు.