నడిగడ్డలో బాడుగబండ్లు

యాత్రకు వెడలునపుడు మనము మూటగట్టుకొనునది పులిహోరయు, పిల్లల బట్టలును మాత్రమే కాదు, “చీకటిపడకమునుపు బస చేరుదుమా?” యను దిగులును మూటలోనే యుండును. ఈ దిగులును బాపుటకే యన్నట్లు నగరములలో ఓలా, ఊబర్, రాపిడో మొదలగు యాప్‌లు వెలసినవి. సెల్‌ఫోనులో పోవలసిన తావును దెలిపినచో కిరాయి ముందే తెలియును. బండి నంబరును, నడుపువాని పేరును గానవచ్చును. మనము పోవుదారిని ఇంటివారు తమ ఫోనులో జూచుచుండవచ్చును.

గడచిన దసరా సెలవులలో మావారును, అత్తగారును, మేమును గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలను జూచి వచ్చితిమి. పూర్వము మహబూబ్‌నగరు జిల్లాలోనున్న యీ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11వ తేదీనుండి వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. హైదరాబాదులో యాప్ బండి మా వాకిటికే వచ్చి కాచిగూడ స్టేషనున దింపెను. గద్వాలలో దిగి మరల నా ఫోనునే తెరచితిమి. తెరపై చక్రము తిరుగుచుండెను గాని బండి మాత్రము రాలేదు.

యాప్ బండ్లను సృజింపదు. ఉన్న బండికిని, ఉన్న బేరమునకును సంధి గూర్చును. చిన్న పట్టణమున దూరపుబేరమునకు పోయినవాడు తరచుగా వట్టిచేతులతో మరలవలెను. ఒక ఆటో నడుపు పిల్లవాడు మా అత్తగారితో ఈ మాటయే చెప్పెను: “అవ్వా, ఆడ దింపినంక వాపసు కిరాయి దొరకది. ఉత్తగ రావాలె. డీజిలు ఎవలిస్తరు?” ఇందు అన్యాయమేమియు మాకు దోపలేదు.

గద్వాల కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డసీమ. కోటను, అందలి చెన్నకేశవస్వామి గుడిని దర్శించితిమి. మావారు కోటలోనే నిలువగా, అత్తగారును మేమును నేతచీరలు చూడబోతిమి. ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. వేర్వేరు దారములను అతుకు తెలియకుండ కలుపుటే యిచ్చటి నేర్పు. తిరిగి వచ్చుటకు ఫోను మావారి జేబులో నుండెను. యాప్‌లు నిండిన నగరమందైనను, ఫోను యజమాని చేతనున్నచో ఆ సౌకర్యము మనది కాదుగదా!

మరునాడు బసవారు మాటలాడిన కారులో, నిరీక్షణకును తిరుగుప్రయాణమునకును కలిపి కిరాయి కుదుర్చుకొని అలంపురము పోయితిమి. జోగులాంబ అష్టాదశ శక్తిపీఠములలో నొకటి. నవబ్రహ్మాలయములు 7, 8 శతాబ్దులలో బాదామి చాళుక్యులు కట్టించినవి. శ్రీశైలము ప్రాజెక్టు ముంపువలన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి యిచ్చటికి దెచ్చి నిలిపినారు. గుళ్లకును ప్రయాణము తప్పలేదని అత్తగారు చేతులు జోడించిరి.

వనపర్తికి బస్సెక్కితిమి. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణ స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితప్రయాణము కలదు. ఆధారు కార్డు చూపగా కండక్టరు మాకు సున్నా టిక్కెట్టులిచ్చెను. మావారికి మాత్రము సొమ్ము తప్పలేదు. అత్తగారు ఆ చీటిని మడచి కొంగున ముడివైచుకొని, “ఇంతకాలము ఎచ్చటికి బోవలెనన్నను ముందు పైకమడుగవలసి వచ్చెడిది,” అనిరి. మా కన్నులు చెమర్చినవి. సంస్థానాధీశుల రాజభవనమున నేడు పాలిటెక్నిక్ విద్యాలయము నడచుట చూచి మావారు మిగుల సంతసించిరి.

నాగర్‌కర్నూలు పట్టణమునకు రైలు లేదు, రోడ్డే దిక్కు. ఆ జిల్లాలో కొల్లాపురము చెంత సోమశిలవద్ద కృష్ణను జూచుటకు ఆటో మాటలాడుకొంటిమి. ఎక్కుటకుముందే దాని నంబరును మా చెల్లెలికి పంపితిమి. యాప్ చేయు పనిని ఇట్లు మన చేతనే చేసికొనవచ్చును.

కావున నగరములో యాప్‌ను వాడుడు. జిల్లాలకు బోవునపుడు తిరుగుబండిని ముందే కుదుర్చుకొనుడు. ఆఖరు బస్సు వేళను కండక్టరు నడిగి తెలిసికొనుడు. అన్నిటికంటె ముఖ్యముగ, మీ పేరుతో మీకొక ఫోను నుంచుకొని, దానిని వాడ నేర్చుకొనుడు.