అరిగిన కీళ్లు

కారు కొన్న గృహస్థుడు దాని రంగు చెడకుండ కాపాడుకొనును, అద్దములు తుడుచును, విజయదశమినాడు కుంకుమబొట్టు పెట్టి చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించును. కాని ఆ చక్రములను త్రిప్పు కీళ్లు ఏ స్థితిలో నున్నవో వంగి చూచువా డరుదు. మన తాత లిట్లుండలేదు. పల్నాటి రైతు దూరప్రయాణమునకు బండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన పెట్టెడివాడు. చక్ర మూడిపోకుండ నాపు చీలను చేతితో తడవి చూచెడివాడు. తన బండి సంగతి తనకు తెలియకుండుట ఆ కాలమున నగుబాటు. నేడు తెలియకుండుటయే హోదా యైనది.

మాది శావల్యాపురము. మా యూరినుండి వినుకొండకును నరసరావుపేటకును పోవు దారులలో ప్రత్తి యెత్తిన లారీలును, గుంటూరు యార్డునకు మిరప టిక్కీలు మోయు బండ్లును తిరుగును. ఆ బరువులకు రోడ్డు గుంతలు పడును. ఆ గుంతలలో మా చిన్న కార్లు ఎగిరిపడును. మా యింట నున్నది 2008లో కొన్న మారుతి 800. ఆ రకమును చేయుట 2014లోనే మానివేసిరి. మా అమ్మాయి దానిని నడపుకొనుచు ప్రతిదినము వినుకొండకు ఉద్యోగమునకు పోయి వచ్చుచుండును.

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము బాడుగకు తిరుగు బండ్లకు ఫిట్‌నెస్ పత్రము తప్పనిసరి. సొంత కారునకు మాత్రము మొదటి రిజిస్ట్రేషనే పదునైదేండ్లు చెల్లును. ఈ నడుమ పొగను కొలుతురు గాని కీళ్లను కొలువరు. అనగా పదునైదేండ్లపాటు ఆ కీళ్ల పూచీ యజమానునిదే. ఈ సంగతి యెఱిగిన యజమానులు ఎందఱో పాఠకులే యోచింపవలెను.

2023లో మాకును ఆ గడువు వచ్చినది. ఆఫీసునకు పోవుటకు ముందే అమ్మాయి, “నాన్నా, స్టీరింగు తిప్పితే బండి వెంటనే తిరగడం లేదు. గుంటలో పడితే ముందువైపు టక్కుమంటోంది” అని చెప్పినది.

మా యూరి మెకానిక్కును పిలిచితిమి. ఆతడు ముందు చక్రమును జాకీపై లేపి, గడియారములో మూడును తొమ్మిదియు నుండు చోట్ల చేతులు పెట్టి అడ్డముగా నాడించెను. టక్కుమని చప్పుడైనది. పిదప పండ్రెండును ఆఱును ఉండు చోట్ల పట్టి ఆడించెను. ఏమియు కదలలేదు. “బేరింగు బాగుందండీ. టై రాడ్ ఎండ్లు పోయినయ్. రెండువైపులా మార్చాల” అనెను. రెండు నిమిషములలో నిర్ణయము ముగిసినది. ఇట్టి నేర్పును మనము విద్య యనము. పది పుస్తకములు వల్లించినవానిని మాత్రము పండితుడందుము. అది మిరపకోతల కాలము; ఆతనికి ట్రాక్టర్ల పనితో తీరిక లేదు. “మీరే మార్చుకోవచ్చు, బిగించినాక నేనొచ్చి చూస్తా” నని చెప్పి పోయెను.

ఆ కీలు ఎట్టిదో కొంత చెప్పవలెను. స్టీరింగు త్రిప్పినప్పుడు దాని కడ్డీ కొననున్న చిన్న పండ్లచక్రము, అడ్డముగా నున్న పండ్లకమ్మిని ఎడమకో కుడికో జరుపును. ఆ కమ్మి రెండు కొనలనుండి రెండు కడ్డీలు చక్రములయొద్దకు పోవును. అవియే టై రాడ్లు. ఒక్కొక్క కడ్డీ చివర గిన్నెలో గుండువలె ఒక ఉక్కుగుండు అమరియుండును. మన తుంటికీలు ఎట్టిదో ఇదియు నట్టిదే. చక్రము గుంతలో దిగినను, ప్రక్కకు తిరిగినను, గుండు గిన్నెలో తిరుగుచు సర్దుకొనును. గిన్నెలోని గ్రీజు పోకుండ పైని రబ్బరు తొడుగు కలదు. అది మిక్కిలి చవుక వస్తువు. కాని అది చినిగిన నాటినుండి దుమ్మును నీరును లోపలికి జొచ్చి ఉక్కును తినివేయును. గుండునకును గిన్నెకును ఎడము వచ్చును. ఆ ఎడము పెరిగి పెరిగి యొకనాడు గుండు గిన్నెనుండి ఊడివచ్చెనా, ఆ ప్రక్క చక్రము ఎవరి మాటయు వినదు. ఎదుట బడికి పోవు పిల్లలున్నను వినదు.

మేము సామాను తెచ్చుకొన్నదినముననే మా బావగారు వచ్చి, “చదువుకున్న పిల్లను కారు కింద పడుకోబెడతావా? ఆ పని చేసేవాళ్లు వేరే ఉన్నారు గదా!” అనిరి. ఈ “వేరే” యను మాటలో మన సంఘపు జబ్బంతయు నున్నది. పనిని ఒకరికిని, పని ఫలమును మఱియొకరికిని పంచిపెట్టి, పనిచేసినవాని చేతి మసిని వాని పుట్టుకకే అంటగట్టితిమి. నేను వాదమునకు దిగబోవుచుండగా మా అమ్మ వసారానుండి, “మసైతే కడుక్కుంటే పోతుందిలే నాయనా” అనినది. బావగారు కాఫీ త్రాగి వెడలిపోయిరి.

వెనుక చక్రములకు చెక్క అడ్డులు పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, ముందుభాగము లేపితిమి. జాకీ బండిని లేపుటకే గాని మోయుటకు గాదు. ఇనుప స్టాండ్లపై బండిని దింపిన పిదపనే చేయి పెట్టవలెను. ఇటుకలు పేర్చి పని జరుపుకొనువారు కలరు. ఇటుక చెప్పకయే పగులును. చక్రము విప్పి, కడ్డీమీది లాక్‌నట్టును కొంచెము వదులు చేసి, స్ప్లిట్ పిన్ను లాగి, క్రింది నట్టును విప్పితిమి. అయినను కీలు కదలలేదు. దాని కాడ కొనకు సన్నగిలుచు పోవునదగుటచే చక్రపు చేతి కంతలో కరచిపట్టుకొనియుండును. కాడపై కొట్టరాదు, ఆ కంత ప్రక్కను సుత్తితో కొట్టవలెను. అమ్మాయి నాలుగు దెబ్బలు వేసినంతనే అది తటాలున ఊడినది. పాత కీలును మరలనుండి త్రిప్పి తీయునప్పుడు చుట్లు లెక్కించినది. పదునెనిమిది వచ్చినవి. క్రొత్తదానిని అన్నియే చుట్లు ఎక్కించినది. నట్టు గాడియు కాడ రంధ్రమును ఎదురెదురుగా రానిచో నట్టును ఇంకను బిగింపవలెనే గాని వెనుకకు వదలరాదు. స్ప్లిట్ పిన్ను ఎన్నటికిని క్రొత్తదే వేయవలెను. పావలా విలువ చేయని ఆ తీగముక్కయే నట్టు ఊడకుండ కాచునది. మన తాతల చీలకు మనుమడు.

రెండవ ప్రక్క పని సగము కాలములో నైనది. సాయంకాలము మెకానిక్కు వచ్చి, వంగి, పిన్నుల రెండు కొనలును మడిచినది చూచి తల యూపెను.

ఇంటిలో చేయదగినది ఇంతవఱకే. చుట్ల లెక్క దారి చూపునే గాని చక్రములను సరిగా నిలుపదు. వెంటనే నెమ్మదిగా నడపుకొనిపోయి యంత్రముపై అలైన్‌మెంటు చేయించుకొనవలెను. లేనిచో క్రొత్త టైర్లు ఒక అంచున అరిగిపోవును. పండ్లకమ్మి జోలికి పోరాదు. 2019 జూలై నుండి క్రొత్త కార్లలో డ్రైవరునకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి యైనది. అట్టి బండి స్టీరింగును ఇంటిలో విప్పుట సాహసముగాదు, తెలివితక్కువ. నకిలీ సామాను మాట మఱవరాదు: రసీదు ఇయ్యని దుకాణమున కీలు కొనకుడు. పని తెలిసినవానిని చివరకైనను పిలిచి చూపుడు. చూచినందుకు ఆతనికి కూలి యిండు. చూపు కూడ పనియే.

అమ్మాయి ఆ పాత కీలును వసారా గూటిలో ఉంచినది. ఇంటికి వచ్చినవారి చేతికిచ్చి, “ఆడించి చూడండి” అనును. ముసలివాని పన్నువలె అది కదలుచుండును. సంక్రాంతికి వచ్చిన బావగారు దానిని ఆ ప్రక్కకును ఈ ప్రక్కకును రెండు మూడు మారులు ఆడించి, ఏమియు ననక గూటిలో పెట్టిరి. మఱునాటి ఉదయము తమ కారును తెచ్చి మా చింతచెట్టు క్రింద నిలిపి, “అమ్మాయి లేచిందా?” అని అడిగిరి.