తిండి లెక్క, పని లెక్క

నాలుగేళ్ళుగా నేను తిన్నదంతా ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఎన్ని రొట్టెలు, ఎంత అన్నం, ఎంత నూనె, వాటికి ఎన్ని కేలరీలు. ఈ సంగతి తెలిస్తే మిత్రులు నవ్వుతారు. మా కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన, "ఇది మధ్యతరగతి రోగమండీ. కడుపు నిండినవాడికే ఈ లెక్కలన్నీ," అని తేల్చేశాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. అయితే అది సగం నిజమేనని తెలుసుకోవటానికి నాకు రెండేళ్ళు పట్టింది. మిగిలిన సగం ఏమిటో చెప్పటానికే ఈ వ్యాసం.

మా వూరు గద్వాల దగ్గర, కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో. కాపురం వనపర్తిలో. ఉద్యోగం నాగర్‌కర్నూలులో. పొద్దున బస్సెక్కి వెళ్ళి, నాలుగు గంటలు ప్రబంధాలూ వ్యాకరణమూ చెప్పి, సాయంత్రం బస్సెక్కి ఇంటికి వస్తాను. నా శరీరం చేసే పని అంతే. ముప్పైనాలుగో ఏట ఒక వైద్యుడు నా రక్తపరీక్ష కాగితం చూసి, "షుగరు గడపదాకా వచ్చింది, తిండి తగ్గించండి," అన్నాడు. ఏ తిండి, ఎంత తగ్గించాలన్నది నేనే తేల్చుకోవలసి వచ్చింది.

కేలరీ అంటే పెద్ద రహస్యమేమీ లేదు. లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించటానికి కావలసినంత వేడి. తిండి వొంట్లో మండి ఇచ్చే శక్తిని దాంతో కొలుస్తారు. గ్రాము పిండిపదార్థానికి నాలుగు, మాంసకృత్తులకు నాలుగు, కొవ్వుకు తొమ్మిది. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో ఆట్‌వాటర్ అనే శాస్త్రజ్ఞుడు మనుషులను ఒక గదిలో వుంచి, వాళ్ళు తిన్నదీ, వాళ్ళు చేసిన పనికి వెలువడిన వేడీ, రెండూ కొలిచి ఈ లెక్కలను నిలబెట్టాడు. రెండూ కొలిచాడన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. దానితో మళ్ళీ పని పడుతుంది. తర్వాత 1918లో లూలూ హంట్ పీటర్స్ అనే వైద్యురాలు, రొట్టెముక్కల్లో గాక కేలరీల్లో ఆలోచించండని అమెరికన్ గృహిణులకు ఒక పుస్తకం రాసింది. అది లక్షలమీద అమ్ముడుపోయింది. ఆట్‌వాటర్ కొలిచిన రెంటిలో తిండి ఒక్కటే ఆ యిళ్ళకు చేరింది. పని వెనకబడిపోయింది.

నేను రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మానేశాను. మొదటిసారి ఫోనులో ఒక యాప్ పెట్టుకున్నాను. అందులో ఎన్నెన్ని దేశాల రొట్టెలో వున్నాయి, మా జొన్నరొట్టె లేదు. పుంటికూర లేదు. గద్వాల బస్టాండులో తినే ఉగ్గాణి బజ్జీ అసలే లేదు. మూడు వారాల్లో విసుగు పుట్టింది. రెండోసారి దసరా వచ్చింది. పండగనాడు తిన్నది రాయటానికి సిగ్గేసి ఒకరోజు వదిలేశాను. ఆ ఒకరోజు నెల అయింది.

మూడోసారి నిలబడటానికి కారణాలు చాలా మామూలువి. వండిన అన్నాన్ని తూచటం మాని బియ్యాన్నీ పిండినీ పచ్చిగా వున్నప్పుడే తూచాను. బియ్యమైనా జొన్నలైనా వంద గ్రాములకు ఇంచుమించు 340, 350 కేలరీలు. ఈ ఒక్క అంకె తెలిస్తే మన తిండిలో సగం తెలిసినట్టే. నూనెను చెంచాలతో కొలవటం అయ్యేపని కాదు. కాబట్టి ఇంటికి నెలకు పట్టే నూనెను మనుషులతోనూ రోజులతోనూ భాగించాను. నలుగురికి నాలుగు లీటర్లంటే మనిషికి రోజుకు ముప్పై గ్రాములు, సుమారు 270 కేలరీలు. మా ప్రాంతంలో పల్లీ లేనిదే పొడి లేదు, పచ్చడి లేదు. గుప్పెడు పల్లీలంటే నూటయాభై దాటుతుంది. అన్నిటికంటె ముఖ్యమైనది, తప్పు చేసిన రోజు కూడా రాయటం. పెళ్ళిభోజనం రాశాను. అర్ధరాత్రి తిన్న మిఠాయి రాశాను. లెక్క తప్పినందుకు లెక్క మానకూడదు. ఈ అలవాటులో కష్టమంతా ఇక్కడే వుంది.

మనుషులు తమ తిండిని తక్కువ చేసి చెప్పుకుంటారు. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గటం లేదనేవాళ్ళను కొందరిని 1992లో అమెరికాలో పరీక్షించి చూస్తే, వాళ్ళు తిన్నదానికంటె సగటున 47 శాతం తక్కువగా చెప్పినట్టు తేలింది. వాళ్ళు కావాలని అబద్ధమాడలేదు. కలిగినవాడికి తిండి గుర్తుండదు, అంతే. ఈ మాట నేను ఊరికే అనటం లేదు. తిండి గుర్తున్న మనిషి మా ఇంట్లోనే వుంది.

ఒకనాడు రాత్రి భోజనం కాగానే నేను పుస్తకం తీయటం చూసి మా అమ్మ అడిగింది.

"రోజు ఏం రాస్తున్నవు కొడుకా, కిరాణం పద్దు లెక్క?"

"తిన్నది రాస్తున్ననమ్మా. ఎక్కువ తినకుండ."

ఆమె కొంచెంసేపు వూరుకుని నవ్వింది. "ఎక్కువ తినకుండ లెక్క వెట్టేటోన్ని నిన్నే చూస్తున్న. మేము అందరికి అందాలెనని లెక్కవెట్టినం."

పాలమూరు కూలీ అన్న మాట ఈ దేశంలో ఆనకట్టలూ కాలవలూ కట్టిన ప్రతిచోటా తెలుసు. నా చిన్నతనంలో మా నాయనా అమ్మా గుంపుమేస్త్రీ వెంట కాలవపనికి దేశం పోయారు. నన్నూ చెల్లెనూ వెంట తీసుకుపోయారు. గుడిసె ముందు మూడు రాళ్ళ పొయ్యి నాకు లీలగా గుర్తు. మా అమ్మకు మాత్రం అంకెలతో సహా గుర్తుంది. ఆమెకు చదువు రాదు. ఏనాడూ ఏదీ రాసుకోలేదు.

"దినాం కిలోన్నర పిండి. పద్దెనిమిది రొట్టెలు. మీ నాయనకు ఏడు, నాకు అయిదు, మీ ఇద్దరికి మూడు మూడు. ఉల్లిగడ్డ, కారం. వారానికొకపారి పప్పు. మీరు ఏడ్చిననాడు నావి నాలుగే."

ఆ రాత్రి నేను నా తిండికి బదులు ఆ పద్దెనిమిది రొట్టెల లెక్క రాశాను. ఒక్కో రొట్టెకు 83 గ్రాముల పిండి, సుమారు 280 కేలరీలు. మా నాయనకు 1960. మా అమ్మకు 1400. ఉల్లిగడ్డా పప్పూ కలిపితే మరో వందో నూటయాభయ్యో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కప్రకారం బరువుపని చేసే మగవాడికి రోజుకు 3470 కేలరీలు కావాలి. బరువుపని చేసే ఆడమనిషికి 2720. కూర్చుని పనిచేసే మగవాడికి 2110. షుగరుకు భయపడి నేను పెట్టుకున్న హద్దు 1800. అంటే కుర్చీలో కూర్చునే నేను ఎంతో నిగ్రహంతో పాటిస్తున్న తిండికంటె, తట్టలు మోసిన మా అమ్మ తిన్నది తక్కువ.

ఈ అంకెలు 65 కిలోల మగవాడికి, 55 కిలోల ఆడమనిషికి వేసినవని ఎవరైనా అనవచ్చు. నిజమే. మా నాయన ఎన్నడూ 65 కిలోలు లేడు. ఎందుకు లేడన్నదే ప్రశ్న. చిన్న శరీరానికి చిన్న తిండి చాలునని, అది ఆరోగ్యమేననే వాదం 1980ల్లో బయలుదేరింది. డాక్టర్ సి. గోపాలన్ దాన్ని గట్టిగా ఖండించారు. చాలని తిండివల్ల శరీరం చిన్నదైతే, ఆ చిన్న శరీరాన్నే చూపి తిండి చాలుతున్నదనటం తర్కం అనిపించుకోదు. మా నాయన యాభైరెండేళ్ళకే పోయాడు. ఆ రొట్టెల లెక్కే అందుకు కారణమని నేననను. అలా అనటానికి నా దగ్గర ఆధారం లేదు. ఆయనకు ఏడు రొట్టెలు పెట్టి పన్నెండు రొట్టెల పని చేయించుకున్నారని మాత్రం అంటాను. దానికి ఆధారం వుంది.

ఆ మర్నాటినుంచి నా పుస్తకంలో ఇంకో గీత గీశాను. ఇటు తిన్నది, అటు ఆనాడు నా శరీరం చేసిన పని. అప్పటిదాకా ఈ అలవాటు నాకొక శిక్షలా వుండేది. రెండో గడి వచ్చాక అది చదువులా మారింది. తర్వాత ఒక్కరోజు కూడా ఆగలేదు. బస్సు దిగి ఇంటికి నడిచిన రోజు ఎంత, నడవని రోజు ఎంత అన్నది కనబడుతుంటే తిండిని చూసి భయపడటం పోయింది. మూడు నెలలకొకసారి చేయించే రక్తపరీక్షలో అంకె గడప ఇవతలే వుంటున్నది.

రెండు గడులతో చూడటం మొదలుపెట్టాక చరిత్ర కూడా వేరేగా కనబడింది. 1876-78 కరువులో, తుంగభద్రకు అవతల గట్టున వున్న కర్నూలు జిల్లా అల్లాడిపోయింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువుపనుల కూలీని రోజుకు ఒక పౌను ధాన్యమూ కొద్దిపాటి చిల్లరగా కుదించాడు. పౌను ధాన్యమంటే సుమారు 1600 కేలరీలు. చెరువుల్లో మట్టి మోసేవాడికీ, కాలవలు తవ్వేవాడికీ అదే. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ ఆనాడే ఎదురుతిరిగాడు. పనిచేసే మనిషి అంత తిండితో బతకలేడన్నాడు. అప్పటికి కేలరీ మాట వాడుకలోకి రాలేదు. టెంపుల్ లెక్కపెట్టకపోలేదు, చాలా జాగ్రత్తగానే లెక్కపెట్టాడు. అయితే ఖజానాకు ఎంత మిగులుతుందన్నదే ఆయన లెక్క. మట్టి ఎంత బరువన్నది ఆయన పుస్తకంలో లేదు.

స్వతంత్ర భారతంలో లెక్క మెరుగుపడిందనే చెప్పాలి. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన బృందం పల్లెల్లో మనిషికి రోజుకు 2400 కేలరీలు, పట్నాల్లో 2100 అవసరమన్నది. పల్లెలో శరీరశ్రమ ఎక్కువని ఒప్పుకోవటం అందులో వుంది. 1973-74 ధరల్లో ఆ తిండి తినగలవాళ్ళ నెల ఖర్చును పల్లెలో 49 రూపాయల 9 పైసలు, పట్నంలో 56 రూపాయల 64 పైసలుగా కట్టి, దాన్నే దారిద్ర్యరేఖ అన్నారు. ఆ తర్వాత జరిగిందేమిటంటే, నేను దసరా తర్వాత చేసిందే ప్రభుత్వమూ చేసింది. ధరలనుబట్టి రూపాయలు పెంచుతూ పోయారుగాని, ఆ రూపాయలతో మనిషి నిజంగా 2400 కేలరీలు తినగలుగుతున్నాడా అని రేఖను తిరిగి సరిచూడలేదు. ఉత్సా పట్నాయక్ వంటి ఆర్థికవేత్తలు ఈ మోసాన్ని ఎత్తిచూపారు. 2009లో టెండూల్కర్ సంఘం కేలరీల ప్రమాణాన్నే పక్కన పెట్టింది. పోషకాహార సంస్థ కిందనే 1972లో ఒక పరిశీలన విభాగం ఏర్పడి, ఎన్నో రాష్ట్రాల్లో ఇళ్ళకు పోయి తిండిని తూచి రాసింది. అది కూడా 2015లో మూతపడ్డది. లెక్క మానేసినంత మాత్రాన ఆకలి మానదు. దాన్ని రుజువు చేయటం కష్టమవుతుంది, అంతే.

ఇవాళ తెలంగాణలో రేషనుకార్డుమీద మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం ఇస్తున్నారు. ఇది చిన్న సహాయమని నేననను. దీనికోసం మనం ఎన్ని ఊరేగింపులు తీశామో మరచిపోలేదు. అయితే లెక్క వేసి చూడండి. రోజుకు 200 గ్రాములు, 700 కేలరీలు. కూర్చునేవాడి అవసరంలో మూడోవంతు, బరువుపని చేసేవాడి అవసరంలో అయిదోవంతు. సంచి ఒకటే, పని వేరు.

నేనూ ఒక తప్పు చేశాను. నా నోటుపుస్తకం సంగతి ఒకసారి తరగతిలో గొప్పగా చెప్పాను. నెల తిరక్కుండా ఒక విద్యార్థిని వచ్చి, "సార్, నేను 1200 తింటున్న. ఇంకా తగ్గించాల్నా?" అని అడిగింది. ఫోను ఆ అంకె చెప్పిందట. ఏం తింటున్నావని అడిగాను. పొద్దున ఆరున్నరకు ఇంటినుంచి బయలుదేరేటప్పుడు చాయ. మధ్యాహ్నం ఏమీ లేదు. పదో తరగతిదాకా బళ్ళో పెట్టేవాళ్ళు. సాయంత్రం అయిదింటికి ఇంటికి పోయాక అన్నం. ఆమె కడుపు మాడ్చుకోవటానికి నా పాఠమే ఒక మంచి పేరు ఇచ్చినట్టయింది. సిగ్గుపడ్డాను. అంతకంటె ఎక్కువగా భయపడ్డాను.

తగ్గించటానికి కాక, ఎంత తక్కువ పడుతున్నదో తెలుసుకోవటానికి వారంరోజులు రాయమన్నాను. తిన్నదొక గడి, చేసిన పని ఇంకొక గడి. ఆమెతోపాటు మరో పదకొండుమంది రాశారు. పనిగడిలో బోరింగునీళ్ళున్నాయి, పత్తితీత వుంది, బర్రెల మేత వుంది, బస్సుకు మూడు కిలోమీటర్ల నడక వుంది. పన్నెండుమందిలో తొమ్మిదిమంది తిండి, కూర్చుని పనిచేసే ఆడమనిషికి కావలసిన 1660 దాటలేదు. వాళ్ళెవరూ కూర్చుని పనిచేసేవాళ్ళు కారు. ఆ కాగితాలను జతచేసి కళాశాలలో మధ్యాహ్నభోజనం కావాలని వాళ్ళే అర్జీ రాశారు. జవాబింకా రాలేదు. ఆ పిల్ల మాత్రం ఇప్పుడు సద్దిలో రొట్టే పల్లిపొడీ తెచ్చుకుంటున్నది.

నా మిత్రుడికి ఇప్పుడు జవాబు చెప్పగలను. తిండిని మాత్రమే రాసే లెక్క నిజంగా మధ్యతరగతి రోగమే. అది కలిగినవాడి చేతిలో నియమమవుతుంది, దొర చేతిలో కరువుకూలీ అవుతుంది, పేదింటి పిల్ల చేతిలో ఉరి అవుతుంది. దాని పక్కన పని గడి గీసి చూడండి. ఎవరు ఎంత తిని ఎంత పని చేస్తున్నారో, ఆ తేడా ఎవరి ఇంటికి చేరుతున్నదో కనబడుతుంది. అలాంటి లెక్కను ఏళ్ళతరబడి ఓపికగా రాయటం కడుపు నిండినవాడికీ అవసరమే, నిండనివాడికీ అవసరమే. మొన్న నా పుస్తకం అయిపోతే మా అమ్మ కొంగుముడి విప్పి నలభై రూపాయలిచ్చింది. "కొత్తది తెచ్చుకో. మీ నాయనది మొదటి పేజీల రాయి," అన్నది. రాశాను. ఏడు రొట్టెలు ఇటు. పొద్దంతా మట్టి అటు.